రికార్డు చేసింది కాదు

ఆమెకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇది: తాను అటు తిరిగిన క్షణంలో చంటిదాని ఊపిరి ఆగిపోతుందని, మళ్ళీ ఇటు తిరిగేసరికి అంతా అయిపోయి ఉంటుందని.

ఈ భయం ఊరికే పుట్టలేదు. చంటిది అయిదు వారాలు ముందే పుట్టింది. ఇప్పుడు మూడో నెల. నిద్రలో ఉండి ఉండి ఊపిరి తీయడం మానేస్తుంది. ఏడుపు ఉండదు, కదలిక ఉండదు. పాదం మీద వేలితో ఠపీమని కొడితే ఉలిక్కిపడి, గుటక వేసి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఇప్పటికి ఆరుసార్లు ఇలా జరిగింది. ఆరుసార్లూ గదిలో తల్లి తప్ప ఎవరూ లేరు. వచ్చిన చిక్కంతా అక్కడే.

"దాని ముక్కు కింద వేలు పెట్టి పెట్టి, ఏదో ఒకరోజు నువ్వే ఊపిరాడకుండా చేస్తావు," అనేది అత్త. ఏ మాట మొదలైనా ఆవిడ పెంచిన నలుగురు పిల్లల దగ్గరికి వచ్చి ఆగాల్సిందే. "నలుగుర్ని పెంచానమ్మా నేను! ఒక్కడి ఊపిరైనా లెక్కపెట్టానా?"

"లెక్కపెట్టలేదు కాబట్టే మీకు తెలీదు అత్తయ్యా."

"విన్నావురా దీని నోరు!"

మొగుడు వినేవాడు. గోడౌన్‌లో పొద్దస్తమానం పెట్టెలెత్తే బండి నడిపి, ఒళ్ళు హూనమై ఇంటికొస్తాడు. "డాక్టరమ్మ చెప్పింది కదే, మొదటి కాన్పు తల్లులకి ఇలాగే అనిపిస్తుందని," అని గోడవైపు తిరిగిపోయేవాడు.

అనిపిస్తుందట! ఆ మాట వింటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆకలి కూడా అనిపించేదే కదా, మరి అన్నం ఎందుకు వండమంటారు?

ఫోన్‌లో పట్టి చూపిద్దామనుకుంది. పెళ్ళికి ముందు ఫోన్లు బాగుచేసే కొట్లో మూడేళ్ళు పనిచేసిన మనిషి, ఫోను బుద్ధి ఆమెకు తెలుసు. అది మనిషి మాటను ఉంచి, మిగిలినదాన్ని రొద అనుకుని చెరిపేస్తుంది. చంటిదాని ఊపిరిని కూడా రొద కిందే జమకట్టింది. వీడియోలో పిల్ల ఉంది, దుప్పటి ఉంది, ఊపిరి లేదు. ఆగినా ఆగకపోయినా ఒకటే నిశ్శబ్దం.

"బంగారంలా పడుకుంది," అన్నాడు మొగుడు చూసి.

తొమ్మిదో తరగతిలో ఆమె చదువు ఆపేశారు. డాక్టరు ముందు కూర్చుంటే మాటలు తడబడతాయి. ఎంతసేపు, ఎన్నిసార్లు, ఏ రంగు అని గబగబా అడిగితే తెలిసింది కూడా నోటికి రాదు. ఆమెకున్న ఆస్తల్లా చెవులే. ఫోన్ల కొట్లో గిరాకీ లేని మధ్యాహ్నాలు ఓనరు కంప్యూటర్‌లో ఆడీ ఆడీ సింథసైజర్ నేర్చుకుంది. కంప్యూటర్ లోపలే ఉండే వాద్యం అది. తీగలుండవు, తోలు ఉండదు. తెర మీద బొత్తాలు తిప్పుతూ శబ్దాన్ని మొదటి నుంచీ తయారుచేసుకోవాలి. కొట్టు మానేసేటప్పుడు రెండు మీటలు ఊడిపోయిన ల్యాప్‌టాప్ ఒకటి ఓనరు ఆమెకే ఇచ్చేశాడు.

నెట్లో 'ఒకే వాద్యం' అని ఒక గుంపుంది. నెలనెలా ఉచితంగా దొరికే సింథసైజర్ ఒకటి చెబుతారు. డప్పైనా పిల్లనగ్రోవైనా వాన చప్పుడైనా అందులోంచే పుట్టించాలి. బయటి నుంచి రికార్డు చేసిన ముక్క ఒక్కటి కలిపినా పాట తీసేస్తారు. పాటతోపాటు బొత్తాలు ఎక్కడెక్కడ పెట్టారో ఆ ఫైలు ఇవ్వాలి, ఎలా చేశారో కింద గడిలో రాయాలి. ఆ గుంపులో ఆమె పేరు చిన్నమ్మాయ్. ఆమెకో పిల్ల ఉందని అక్కడెవరికీ తెలియదు.

ఈ నెల ఆమె పాట కట్టలేదు. చంటిదాని ఊపిరి కట్టింది.

సింథసైజర్‌లో ఉత్త హోరు ఒకటి ఉంటుంది. దాన్ని ఆమె ఇసక అంటుంది. హోరులోంచి కావలసింది మాత్రమే వదిలే ఫిల్టరును జల్లెడ అంటుంది. జల్లెడను దానంతట అదే అటూ ఇటూ కదిపేదానికి మూడక్షరాల ఇంగ్లీషు పేరేదో ఉంది, ఆమెకది ఊయల. ఇసకను జల్లెడలో పోసి, జల్లెడను ఊయలకు కట్టింది. మామూలుగా మీట నొక్కిన ప్రతిసారీ ఊయల మొదటి నుంచి ఊగుతుంది. ఆ ముడి విప్పేసింది. ఏ పిల్లా రెండు ఊపిర్లు ఒక్కలా తీయదు. అందుకని ఊయలను దాని మానాన వదిలేసింది. చంటిది పాలు తాగి పడుకున్నప్పుడల్లా దాని పక్కన బోర్లా పడుకుని, ఒక చెవి పిల్లకు, ఒక చెవి హెడ్‌ఫోనుకు ఇచ్చి, పన్నెండు రోజులు బొత్తాలు తిప్పింది. రెండూ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయినప్పుడు ఆపింది.

తర్వాత, ఆగడం. నాలుగోసారి పాదం మీద ఎంత కొట్టినా వెంటనే ఊపిరి అందుకోలేదు. కొడుతూనే గోడ గడియారం చూసింది. సెకన్ల ముల్లు ఇరవై ఒక్కసార్లు కదిలింది. పాటలో కూడా అంతసేపే అన్నీ ఆపేసింది. చివర గుటక. పాట పేరు 'ఇరవై ఒకటి'.

తప్పు ఎక్కడ చేసిందంటే, ఎలా చేశారో రాయమన్న గడిలో. రెండు వాక్యాలు రాసి చూసుకుంది. ఒత్తులు ఉన్నాయో లేవో, నవ్వుతారేమో అని చెరిపేసింది. ఖాళీగా పంపింది.

గుంపు నడిపేవాణ్ణి అందరూ పెద్దన్న అంటారు. ఆయన ఆమె ఫైలు తెరిచి మీట నొక్కాడు. ఊపిరి ఒకచోట వచ్చింది. మళ్ళీ నొక్కితే ఇంకోచోట వచ్చింది. పాటలో ఉన్నచోట ఒక్కసారీ రాలేదు. ముడి విప్పిన సంగతి ఆయనకేం తెలుసు? "ఫైలుకీ పాటకీ పొంతన లేదు. పాటలో ఉన్నది నిజం పిల్ల ఊపిరి. తెచ్చి అతికించారు. తీసేస్తున్నాం," అని రాశాడు.

ఇక చూసుకోండి.

"గుటక విన్నారా? ఏ సింథూ గుటకెయ్యదు బాబూ!"

"చిన్నమ్మాయ్, దొరికిపోయావ్."

"పక్కింటి పిల్ల ముక్కు దగ్గర మైకు పెట్టినట్టుంది పాపం."

"నాకిద్దరు పిల్లలు. ఇది నిజం పిల్ల కాకపోతే చెవి కోసుకుంటా."

ఆమె గబగబా కొట్టింది: "నేనే చేశాను. ఊయల ముడి విప్పాను, అందుకే ప్రతిసారీ ఒకలా రాదు."

"ఊయలేంటి తల్లీ? పిల్లని పడుకోబెడుతున్నావా?" అని ఒకడు. దాని కింద నవ్వుల బొమ్మలు వరస. ఆమె తన మాటలు తానే పెట్టుకుంది, అవి ఇంకొకరికి ఎలా తెలుస్తాయి? అసలు పేర్లు వెతికి రాసేలోపే పెద్దన్న తలుపు వేసేశాడు. వ్యాఖ్యలు బంద్.

మర్నాడు మొగుడికి సెలవు. పొద్దున్నే టిఫిను ప్లేట్లు కూడా తీయకుండా ల్యాప్‌టాప్ బల్లమీద పెట్టి, మొగుడికీ అత్తకూ పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది.  

"ముక్కూ మొహం తెలీనోళ్ళు ఏదో వాగితే నీకేంటే?" అన్నాడు మొగుడు.

"దొంగన్నారు నన్ను! నలభైమూడు మంది! నిజం పిల్ల ఊపిరి ఎత్తుకొచ్చి అతికించానంట! ఒక్కడంటే ఒక్కడు ఇది ఉత్త ఊహ అనలేదు, ఒక్కడు..."

అక్కడ ఆగిపోయింది.

"ఏమైందే?"

ఆమె ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నన్ను దొంగ అనడానికైతే ఇది నిజం పిల్ల. ఆస్పత్రికి తీసుకెళ్ళమంటే మాత్రం నా భ్రమ. ఏదో ఒకటి తేల్చండి!"

"అరవకమ్మా, పిల్ల లేస్తుంది," అంది అత్త.

"లేవనీండి అత్తయ్యా. లేస్తే ఊపిరి తీస్తుంది."

 ఆమె పిల్లను ఒక భుజాన, ల్యాప్‌టాప్ సంచి ఒక భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కుంది. మొగుడు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వెనకాలే దిగాడు. ఏమనుకుందో అత్త కూడా తలుపు తాళం వేసి వచ్చింది.

డాక్టరమ్మ గదిలో గోడకు బొమ్మలు, బల్లమీద బరువుతూచే తొట్టి. ఆవిడ కాగితం చూస్తూనే, "మళ్ళీ ఏమైందమ్మా?" అంది. ఆ 'మళ్ళీ' చురుక్కుమంది. ఈమె తొట్టి పక్కకు జరిపి ల్యాప్‌టాప్ పెట్టి నొక్కింది.

ఊపిరి మొదలైంది. డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఊపిరీ ఆగింది. కాసేపటికి ఆవిడ తల ఎత్తి తెర చూసింది, తర్వాత పిల్లను చూసింది, మళ్ళీ తెర చూసింది. అప్పుడు గుటక వినిపించింది.

"ఇది ఎప్పుడు రికార్డు చేశావు?"

"రికార్డు కాదండి. నేనే చేశాను. ఇందులో."

"చేశావా?" ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "నువ్వు తయారుచేసిన చప్పుడు చూసి నేను పిల్లకి వైద్యం ఎలా చెయ్యనమ్మా?"

 అక్కడ నిజమని కొట్టారు, ఇక్కడ చేసిందని కొడుతున్నారు. "నన్ను నమ్మకండి," అంది. మొదటిసారి ఆ గదిలో ఆమె మాట తడబడలేదు. "నా మాట అసలు నమ్మకండి. వీళ్ళని నమ్మండి. వీళ్ళకి నేనెవరో తెలీదు. నాకు పిల్లుందని తెలీదు. నన్ను గెంటెయ్యడానికి నలభైమూడు మంది ప్రమాణం చేసి చెబుతున్నారు, ఇది బతికున్న పిల్ల ఊపిరని. చదవండి. నేను విన్నది విన్నట్టు చెయ్యకపోతే వాళ్ళకంత కోపం ఎందుకొస్తుంది?"

డాక్టరమ్మ చదివింది. మొదట పెదాల చివర నవ్వుంది. నాలుగైదు చదివేసరికి పోయింది.

"మధ్యలో ఆగింది చూశావూ, అది ఎంతసేపు? సుమారుగా పెట్టావా?"

"ఇరవై ఒకటి. గోడ గడియారం ముల్లు. నా లెక్క కాదు."

"పెదాల రంగు?"

"నీలి బూడిదండి, సీసంలా."

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"మీరు అనిపిస్తుంది అన్నాక, ఇంక ఏ రంగు చెప్పనండి?"

డాక్టరమ్మ గంట కొట్టి నర్సును పిలిచింది.

చంటిదాని పాదానికి ఎర్రగా వెలిగే చిన్న పట్టీ చుట్టి, దాని తీగ మిషనుకు తగిలించి, మంచం మీద పడుకోబెట్టారు. రేపటిదాకా చూద్దామన్నారు. రేపటిదాకా అక్కర్లేకపోయింది. మధ్యాహ్నం మూడింటికి, అత్త అరటిపండు ఒలుస్తుండగా, మిషను కీచుమని అరిచింది. నర్సు పరుగెత్తుకొచ్చి పాదం మీద కొట్టింది. ఒకటి, రెండు దెబ్బలు. పిల్ల ఉలిక్కిపడి, గుటక వేసి, ఏడ్చింది. గదిలో ఈసారి నలుగురున్నారు.

అరటిపండు అత్త చేతిలో నుజ్జయిపోయింది. ఆవిడ నలుగురు పిల్లల ప్రస్తావన తేలేదు. మొగుడు గోడకు ఆనుకుని, "నాకు తెలీదే... నేను..." అంటున్నాడు.

"తెలీదు కాదు. నేను చెప్పాను," అంది ఆమె, పిల్ల మీంచి చూపు తిప్పకుండా. జాలి చూపించే ఓపిక ఆమెకు ఇంకా రాలేదు.

ఇలా ముందే పుట్టిన కొందరు పిల్లల్లో ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగం ఇంకా పూర్తిగా కుదురుకోదని, మందుందని, కొన్ని వారాలు మిషను పెట్టి కనిపెట్టుకుని ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం మొదటి మోతాదు వేశారు. ఆమె మంచం పక్కన కూర్చుని, మిషను మీద అంకెలు నిలకడగా ఉన్నాయని తేల్చుకున్నాక, ల్యాప్‌టాప్ తెరిచింది. పెద్దన్నకు నాలుగు మాటలు గట్టిగా తగిలేలా రాయాలని. రాసేముందు, కోపంలో చదవకుండా వదిలేసిన చివరి వ్యాఖ్యలు ఒక్కొక్కటే చూసింది.

అడుగు నుంచి మూడోది గాలిపటం అనే పేరుతో ఉంది. "ఇది నూటికి నూరుపాళ్ళు రికార్డే. మా చెల్లెలి కొడుకు నిద్రలో అచ్చం ఇంతే. మధ్యలో ఊపిరి ఆగుతుంది, తర్వాత గుటకేసి అందుకుంటాడు. వీడేదో ఆలోచిస్తున్నాడ్రా అని మేమంతా చుట్టూ చేరి నవ్వుకుంటాం. రెండు నెలలు నిండలేదు."

 వ్యాఖ్యలు బంద్, అందుకని గాలిపటానికి విడిగా రాయబోయింది. 'మీరు ఈ గుంపులో లేరు' అని వచ్చింది. పెద్దన్న మధ్యాహ్నమే తీసేశాడు. మొగుడి ఫోన్లోంచి చేరబోతే, కొత్తవాళ్ళు అనుమతి కోసం ఆగాలట. బయటివాళ్ళు రాయగలిగేది గుంపు నడిపేవాడికి ఒక్కడికే, అందుకని పెద్దన్నకు మూడుసార్లు రాసింది. బతిమాలుతున్నాననుకున్నాడో ఏమో, చదివి వదిలేశాడు.

అందుకని ఇది మీకు. ఆ గుంపులో మీరున్నా, గాలిపటం అని పిలిపించుకునే మనిషి మీకు తెలిసినా, ఇప్పుడే ఒక మాట చేరవెయ్యండి. చిన్నమ్మాయ్‌ని దొంగనే అనుకోమనండి, ఫరవాలేదు. చెల్లెలి ఇంటికి వెళ్ళి ఆ పిల్లవాణ్ణి చూసి రమ్మనండి. ఊపిరి ఆగితే నవ్వకుండా పాదం మీద కొట్టి, వెంటనే ఆస్పత్రికి ఎత్తుకెళ్ళమనండి. మీకు కుదిరితే, మీరే వెళ్ళండి.