బాల్కనీ కింద గీత

ఆ వీధిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. మొదట్లో చాటుగా, తర్వాత మొహం మీదే 'గాభరమ్మ' అన్నారు. ఆవిడా ఏమీ అనుకోలేదు. గాభరా పడకపోతే ఇల్లు గడుస్తుందా? గ్యాసు కట్టేశామో లేదో, మెట్ల మీద నీళ్ళు ఒలికాయో ఏమో. కూతురు ఆలస్యంగా వస్తే ఏ లారీ గుద్దిందో, పెందరాళే వస్తే ఉద్యోగం ఊడిందో! భర్త దర్జీ. ఇంటి ముందు, మేడ మీద వాటా బాల్కనీ నీడన మిషను వేసుకుని కుడుతుంటాడు. "మా ఆవిడ భయపడని రోజున నాకు భయమేస్తుంది" అని బేరాలకు వచ్చినవాళ్ళతో అంటుంటాడు.

కూతురు ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. ఒకరోజు స్టూడియో యజమాని పాత ఫ్రిజ్ ఖాళీ చేయిస్తుంటే అడుగున రెండు ఫిల్ము రోళ్ళు దొరికాయి. తెలుపు నలుపువి. ఉంచుకోమన్నాడట. ఆ పిల్ల వాటిని గుడ్డలో చుట్టుకుని, బంగారం తెచ్చినట్టు తెచ్చింది.

"ఇవి ఇప్పుడు తయారు కావడం లేదమ్మా. కంపెనీ ఎప్పుడో ఆపేసింది. ఎక్కడైనా మిగిలుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

"గడువు దాటిపోలేదుటే?"

"దాటింది. అయితే ఏం, మింగుతామా?"

అంత గొప్పేముందని తల్లి అడిగింది. కూతురు పీట వేసుకుని కూర్చుని మరీ చెప్పింది. మామూలు ఫిల్ము మీద బొమ్మ ఇసుకతో వేసిన ముగ్గులాంటిదట. పెద్దది చేసేకొద్దీ రేణువులు బయటపడతాయట. దీని మీద మాత్రం జల్లించిన పిండితో వేసినట్టే, గోడంత చేసినా చెదరదట. "గోడ మీద చీమ ఉంటే దాని కాళ్ళు లెక్కపెట్టచ్చు. కాకపోతే దీనికి బోలెడు వెలుతురు కావాలి. కెమెరా స్టాండు మీద ఉండాలి, ఎవరూ కదలకూడదు. నిదానం మీద పని చేస్తుంది."

"అచ్చం మీ నాన్నలాగా అన్నమాట" అంది తల్లి.

మిషను చప్పుడు ఆగింది. "నేను వింటున్నాను" అన్నాడు దర్జీ.

ఊరి బయట పాత ఇనుప వంతెన ఉంది. దాని మేకు మేకూ కనిపించేలా ఒక బొమ్మ తీసి, నగరంలో జరగబోయే ఫొటోల ప్రదర్శనకు పంపాలని కూతురి ఆశ. దానికి ఒక రోలు దాచింది. చేయి కుదరడానికి రెండోది ఇంటి మీదే వాడింది. ఎదుటి కాలిబాట మీద స్టాండు పెట్టి, "నాన్నా, కదలకు" అని అరిచింది.

"కదలకపోతే ఈ చొక్కా ఎవరు కుడతారే?"

"ఊపిరైనా పీల్చుకోనిస్తావా మీ నాన్నను?" అంది తల్లి.

ఫిల్ము కడగడం మాత్రం ఆవిడకు గండంలాగే తోచింది. స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టారు. తలుపు సందులో తువ్వాలు కుక్కారు. సీసాల్లో మందులు చూసేసరికి ఆవిడ గుండె గుభేలుమంది. వెలుతురు పడకూడదని ఫోనూ చేతి గడియారమూ బయటే పెట్టి, కూతురు లోపలికెళ్ళి గడియ వేసుకుంది. చీకట్లో తడుముకుంటూ ఫిల్మును చుట్టకు ఎక్కించి డబ్బాలో పెట్టి మూసేస్తే, ఆ తర్వాత దీపం వేసుకోవచ్చట. అయినా తల్లి తలుపును వదల్లేదు.

"ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

కాసేపటికి మళ్ళీ. "ఉన్నావా?"

"ఉన్నా!"

లోపల టక్కుటక్కుమని చప్పుడు. "ఏమిటే అది? పడ్డావా?"

"డబ్బాను తడుతున్నాను. గాలి బుడగలు అంటుకుంటే బొమ్మ మీద మచ్చలు పడతాయి."

"అలాగా! మరి ఆ మందు ఏం చేస్తుంది?"

ఈ ప్రశ్న తన నోటినుంచి ఎలా వచ్చిందో ఆవిడకే తెలియలేదు. భయం వెనకాలే ఇంకేదో తోసుకొచ్చింది. కడిగిన ఫిల్ము బట్టల తీగకు వేలాడుతుంటే దాని ముందు నుంచి కదల్లేకపోయింది. నల్లనివి తెల్లగా, తెల్లనివి నల్లగా. భర్త నెరిసిన జుట్టు నిగనిగా నల్లబడి ఉంది.

"ఏమండీ, ఒకసారి రండి! మీకు మళ్ళీ పెళ్ళి చేయచ్చు."

"సంబంధం నువ్వే చూడు" అన్నాడాయన, సూది మీంచి తల ఎత్తకుండా.

కూతురు స్టూడియోలో ఆ బొమ్మను పెద్దది చేసి తెచ్చింది. మెట్టు మీద చీపురు పుల్లలు విడివిడిగా కనిపిస్తున్నాయి. తల్లి దర్జీ భూతద్దం తీసుకుని, మూల నుంచి మూలకు, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చూసుకుంటూ పోయింది. భర్త తల దగ్గరికి వచ్చింది. తల మీదుగా పైకి, బాల్కనీ అడుగుకు వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

గోడ నుంచి అంచు దాకా సన్నటి నల్ల గీత.

"ఇది పగులు" అంది.

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాకిట్లోకి వెళ్ళి మెడలు నొప్పెట్టేలా పైకి చూశారు. పొగచూరిన సున్నం తప్ప ఏమీ కనిపించలేదు. ఫోనుతో తీస్తే అంతా అలికేసినట్టు వచ్చింది.

"వెంట్రుక ఉంటుందిలే" అన్నాడు దర్జీ.

"ఫిల్ము మీద వెంట్రుక ఉంటే కాగితం మీద తెల్లగా పడుతుంది నాన్నా. కెమెరా లోపల ఉంటే నల్లగానే పడుతుంది..."

"లోపల ఉంటే ఒక్క దాంట్లోనే ఎందుకుంటుందే?" తల్లి అడ్డుపడింది. "అన్ని బొమ్మల్లోనూ అదే చోట ఉండాలిగా?"

కూతురు తల్లిని వింతగా చూసింది. ఫిల్మును కిటికీకి ఆనించి ఒక్కొక్క బొమ్మే చూశారు. ఆ చోట ఇంక దేంట్లోనూ గీత లేదు. పక్క నుంచి తీసిన బొమ్మలో మాత్రం వేరే చోట ఉంది. అందులోనూ బాల్కనీ కిందే.

"పాత ఫిల్ము కదమ్మా, ముడతలు కూడా పడచ్చు" అంది కూతురు, తనకే నమ్మకం లేని గొంతుతో.

"చీమ కాళ్ళు లెక్కపెట్టచ్చన్నది నువ్వే."

ఇంటి యజమాని వచ్చి బొమ్మ చూశాడు. "చెల్లెమ్మా, పోయిన ఏడాది మెట్లు కూలుతాయన్నావు. కూలాయా? నీళ్ళ ట్యాంకు ఒరిగిందన్నావు. ఒరిగింది నా మెడ, దాన్ని చూసీ చూసీ. ఇప్పుడు ఫొటోలో గీతకు మేస్త్రీని పిలవమంటావా?"

"ఈసారి నేననడం లేదు అన్నయ్యగారూ, ఫొటో అంటోంది."

"ఫొటో కూడా నీ దగ్గర చేరి గాభరా నేర్చుకుందేమో!" ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మిషను జరుపుకోమని భర్తను బతిమాలింది. అటు ఎండ కొడుతుంది, ఇటు వెలుతురు చాలదు, రేపు చూద్దాం అంటూ ఆయన అక్కడే కూర్చున్నాడు. పై వాటాలో ఉండే మేడమీద వదిన బాల్కనీలోని సిమెంటు కుండీలకు నీళ్ళు పోస్తోంది. చుక్కలు ఆయన భుజం మీద పడుతున్నాయి. ఆవిడకు అన్నం సయించలేదు. చేతిలో ఉన్న జాకెట్టు ముక్కను అటూ ఇటూ లాగుతూ కూర్చుంది. లాగితే కుట్టు నోరు తెరుస్తోంది, వదిలితే మూసుకుంటోంది.

ఉన్నట్టుండి లేచింది. "చిన్నదానా! కుట్టు వదులైందో లేదో గుడ్డ లాగితేనే తెలుస్తుంది. ఆ కుండీలు ఉండగా ఒక బొమ్మ, దింపేశాక ఒక బొమ్మ తీయి. కెమెరా అంగుళం జరగకూడదు. ముడతైతే రెండో ఫిల్ము మీద అదే చోట ఉండదు. మసి గీతైతే రెంటిలోనూ ఒకేలా ఉంటుంది. పగులైతే, బరువు తగ్గాక సన్నబడాలి."

 కూతురి దగ్గర దాచుకున్న రోలు ఒక్కటే ఉంది.

"నీ వంతెన..." అని తల్లి ఆగిపోయింది.

"వంతెన ఎక్కడికీ పోదమ్మా. నాన్న తల ఒక్కటేగా ఉంది." అని లేచి స్టాండు అందుకుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి ముక్కు ఎగబీల్చింది. తల్లి చూడనట్టు ఊరుకుంది.

కుండీలు దింపమంటే మేడమీద వదిన నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీ పిచ్చికి నా మొక్కలు దొరికాయా?" అంది గానీ, తనే ముందు ఒక కుండీ ఎత్తింది. ఆవిడకూ చూడాలనే ఉంది. పొరపాటు జరగకుండా, రోలు అయిపోయేదాకా ఆ రెండు రకాలే మార్చి మార్చి తీశారు.

ఈసారి ఫిల్ము కడిగేటప్పుడు తల్లి గట్టిగా ఒట్టు పెట్టుకుంది. ఉన్నది ఒక్కటే రోలు, తన నోటి వల్ల పాడు కాకూడదు. పైట చెంగు నోట్లో కుక్కుకుని తలుపు దగ్గర నిలబడింది. లోపల చడీ చప్పుడూ లేదు.  అయినా పెదవి విప్పలేదు.

"అమ్మా!" లోపల్నుంచి పెద్ద కేక. "ఉన్నావా?"

"ఉన్నానే! ఏమైందే?"

"మరి పిలవవేం? నువ్వు పిలిచినప్పుడల్లా కదా, మందు అంతటా పట్టేలా డబ్బా తిప్పేది! పోయినసారి అలాగే చేశాను!"

"నాకు చెప్పద్దుటే? ఇంతసేపూ తిప్పనేలేదా?"

"గడియారం బయటుంది, నువ్వున్నావుగా అనుకున్నాను! పిలువమ్మా, పిలువు!"

"ఉన్నావా... ఉన్నావా... ఉన్నావా?"

"అంత తొందరగా కాదు! ఎప్పుడూ భయపడేటట్టు భయపడు!"

మిషను దగ్గర దర్జీ నవ్వాపుకోలేక దారం తెంపుకున్నాడు.

ఫిల్ము బయటికొచ్చేసరికి పల్చగా, అంచుల్లో మరకలతో ఉంది.  కూతురు వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. "మధ్యలో బతికింది" అంది చివరికి.

స్టూడియో నుంచి తెచ్చిన రెండు బొమ్మలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. కుండీలున్న దాంట్లో గీత నల్లదారంలా ఉంది. కుండీలు దింపిన దాంట్లో వెంట్రుకలా ఉంది. తల్లి భూతద్దాన్ని దీని మీద నుంచి దాని మీదికి, దాని మీద నుంచి దీని మీదికి జరిపింది. భయపడాల్సిన మాట నిజమే. కానీ ఆ క్షణాన ఆవిడకు అంతకంటే ముందు, "సన్నబడింది!" అన్న సంతోషమే కలిగింది.  దర్జీ వెళ్ళి మిషనును ఎండలోకి ఈడ్చుకున్నాడు.

ఇంటి యజమాని భూతద్దం కంటికి పెట్టుకుని ఎంతకూ తీయలేదు. "ఇది మన బాల్కనీయేనా చెల్లెమ్మా?" అన్నాడు, కాదంటే బాగుండునన్నట్టు.

మర్నాడు మేస్త్రీ నిచ్చెన వేసుకుని, చిన్న సుత్తితో అడుగున తట్టాడు. ఒక చోట ఠంగుమంది. ఇంకో చోట బొద్దుమంది. ఆ బొద్దుమన్న చోట మరొక్క దెబ్బ వేసేసరికి పళ్ళెమంత పెచ్చు ఊడి, నిన్నటిదాకా మిషను ఉన్న చోట పడి ముక్కలైంది. లోపల ఇనుప చువ్వ తుప్పుపట్టి పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. ఇంటి యజమాని మేస్త్రీతో, అంతా ఊడగొట్టి కొత్తగా పోయమన్నాడు. వెళ్తూ వెళ్తూ, మెట్ల వంక కూడా ఒకసారి అనుమానంగా చూశాడు.

"బోలుగా ఉంటే బొద్దుమంటుందా నాయనా?" అని తల్లి మేస్త్రీని అడిగింది.

"అవునమ్మా. గట్టిగా ఉంటే ఠంగుమంటుంది."

"ఏదీ, ఒకసారి ఇటివ్వు."

సుత్తి తీసుకుని వాకిలి గోడను తట్టింది. చెవి ఆనించి ఇంకొంచెం పక్కన తట్టింది. ఇంకొంచెం పైన.

"అయిపోయింది" అన్నాడు దర్జీ కూతురితో. "ఇక ఈ ఇంట్లో మనకు నిద్ర ఉండదు."

"ష్! ఉండండి" అంది గాభరమ్మ, కళ్ళు మూసుకుని. "విననివ్వండి."