వరికుచ్చుల సైటు, పిచ్చుకల గోల

పొద్దున్నే వాకిలి ఊడ్చి, కాఫీ తాగి, వెంకటదుర్గ వరండాలో వరికంకులు ముందేసుకుని కూర్చునేది. గుమ్మాలకి కట్టుకునే కుచ్చులు అల్లడంలో నిడదవోలు చుట్టుపక్కల ఆమె చేతికి తిరుగులేదు. తోడు మరో నలుగురు ఆడవాళ్ళు అల్లేవారు.

ఆమెకున్న చిక్కల్లా మర్యాద. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని మనసులో మాట మింగేసేది. మింగిన మాట పిచ్చుకై చూరు మీద వాలేది. ఆ వైపు ఇళ్ళల్లో అది కొత్తేం కాదు. పెళ్ళిచూపులప్పుడూ, వియ్యాలవారి భోజనాలప్పుడూ పిచ్చుకల గోల మామూలే, ఎవరూ తలెత్తి చూడరు. అత్తగారు బుల్లెమ్మకి మాత్రం డెబ్బై ఏళ్ళొచ్చినా ఒక్క పిచ్చుకా పుట్టలేదు. ఆవిడ కడుపులో మాట పూట కూడా నిలవదు.

ఎవరి పిచ్చుకలు వాళ్ళ సొత్తే తింటాయి. దుర్గ పిచ్చుకలు దుర్గ కుచ్చులే తినేవి.

ఇలా ఉండగా రాజమండ్రిలో అపార్ట్‌మెంట్లు కట్టే ఉదయభాస్కర్ ఫోన్ చేశాడు. గృహప్రవేశానికి ప్రతి ఫ్లాట్ గుమ్మానికీ ఒక కుచ్చు కట్టాలట. "మీ వెబ్‌సైట్ పంపించండమ్మా, మా పార్ట్‌నర్లు చూడాలి" అన్నాడు. ఆ పని దొరికితే ఏడాదంతా వరండా కళకళలాడుతుంది. దొరక్కపోతే ఆ నలుగురూ కూలికి రొయ్యల షెడ్డు దారి పట్టాల్సిందే.

భీమవరం నుంచి సూర్యతేజ అనే వెబ్ డిజైనర్ని పిలిపించింది. బుద్ధిమంతుడు, మాట మెత్తన.

"సైట్ ఎలా ఉండాలండి?"

"మీకు తెలీనిదేముందండి, మీ ఇష్టం."

చూరు మీద ఒక పిచ్చుక వాలింది.

"సరేనండి" అన్నాడు సూర్యతేజ. అతని ల్యాప్‌టాప్ మీద ఇంకోటి వాలి, కీల మధ్య ముక్కుతో పొడవసాగింది.

వారం తిరిగేసరికి సైట్ పట్టుకొచ్చాడు. తెరవగానే సన్నాయి మోగింది. బంగారు రంగు తెర మీద నెమలి పురి విప్పింది, గులాబీలు రాలాయి. పైన దుర్గ భర్త పేరు. కుచ్చు ఎక్కడుందో వెతుక్కోవాలి.

"ఎలా ఉందండి?"

"చాలా బాగుందండి" అంది దుర్గ. చూరు నిండా పిచ్చుకలు. అవి గుంపుగా దిగి, పొద్దుట్నుంచి అల్లిన కుచ్చులన్నీ ఒలిచేశాయి. నేలంతా ఊక.

బుల్లెమ్మ చీపురు తెచ్చి కోడలి ముందు పడేసింది. "అమ్మాయ్! అడగందే అమ్మైనా పెట్టదు. నీ కడుపులో ఉన్నది భీమవరం నుంచొచ్చిన ఈ అబ్బాయికెలా తెలుస్తుందే? మర్యాదా మర్యాదా అని మన కష్టమంతా పిచ్చుకలకి తినిపించేస్తున్నావు!"

దుర్గకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ వెంటనే ఒళ్ళు మండింది, తన మీద తనకే. కొంగు దోపుకుంది.

"ఏవనుకోకండి బాబూ. ఆ సన్నాయి తీసేయండి."

ఒక పిచ్చుక ఎగిరిపోయింది.

"నెమలి వద్దండి. తెరవగానే కుచ్చు కనపడాలి. పక్కన నా చెయ్యి పెడతాను, ఫోటో తీయండి. ఎంత పొడుగో చూడగానే తెలియాలి. కొనేవాళ్ళలో పెద్దవాళ్ళెక్కువ, అక్షరాలు లావుగా ఉండాలి. ఫోన్ నెంబర్ పైనే ఉండాలి, వెతుక్కోకూడదు."

మాటకొక పిచ్చుక చొప్పున చూరు ఖాళీ అవుతోంది. సూర్యతేజ గబగబా రాసుకుంటూ, గొంతు సవరించుకుని, "నిజం చెప్పాలంటే అండి, అసలు కుచ్చులు ఎవరు కొంటారో నాకు మొదట్నుంచీ తెలీదండి" అన్నాడు. ల్యాప్‌టాప్ మీది పిచ్చుక తుర్రుమంది.

"మరడగరేం?"

"మీరేమనుకుంటారోనని."

ఇద్దరూ నవ్వేశారు.

చూరు మీద ఒక్కటే మిగిలింది. ముసలి పిచ్చుక, ఏళ్ళనాటిది. దుర్గ దానికేసి చూసింది.

"పైన మా ఆయన పేరు కాదండి. నా పేరు వేయండి. అల్లేది నేను."

ముసలి పిచ్చుక రెక్కలు దులుపుకుని కొబ్బరితోట మీదుగా వెళ్ళిపోయింది. వరండాలో ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పడక్కుర్చీలో పేపర్ చదువుతున్న భర్త బుల్లిరాజు తలెత్తి, "వేయండి బాబూ, న్యాయమే కదా" అన్నాడు.

మార్చిన సైట్ రాజమండ్రి వెళ్ళింది. మర్నాడే ఉదయభాస్కర్ ఫోన్.

"మా వాళ్ళందరికీ నచ్చిందమ్మా. కుచ్చు పక్కన ఆ చెయ్యి చూసి మా ఆవిడ ముచ్చటపడింది. వచ్చేవారానికల్లా అన్నీ పంపించేయండి."

'మీ ఇష్టమండి' అన్న మాట దుర్గ నాలిక చివరిదాకా వచ్చి ఆగింది.

"కుదరదండి. ఆరని కంకిని పెట్టెలో పెడితే బూజు పడుతుంది. నెలాఖరుకి ఇస్తాను, ఒక్క గింజ రాలదు."

అవతల క్యాలెండర్ కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"సరేనమ్మా... మీ ఇష్టం. అలాగే కానీయండి."

ఆ మాట వెనకాలే ఫోన్లో కిచకిచమని సన్నగా వినిపించింది. దుర్గ పెదవుల మీదికి నవ్వొచ్చేసింది.

"ఒక కుచ్చు ఎక్కువే పంపిస్తానండి. మీ ఆఫీసు కిటికీకి కట్టుకోండి, పాపం ఆకలేస్తుంది దానికి."