చీపురు పుల్ల కొలత

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా ఆవిడ అక్తర్ బేగం రోజుకోసారైనా అంటుంది. నా నోరు మంచిది కాదు. నరసరావుపేట బస్టాండు ఎదురు సందులో ముప్ఫయ్యేళ్లుగా చెప్పుల కొట్టు నడుపుతున్నాను. కొనడానికి కాళ్లు తీసుకురాకుండా వచ్చేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా పల్లెల్లో అదొక అలవాటు. ఇంట్లో ఆడవాళ్లకో పిల్లలకో చెప్పులు కావాలంటే, వాళ్ల పాదం కింద చీపురు పుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా తుంచి, దాన్ని జేబులో వేసుకుని బస్సెక్కుతారు. నేను ఆ పుల్లను చెప్పులో పెట్టి చూసి ఇస్తాను. చెప్పులకైతే సరే, కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. బూట్లకు మాత్రం పుల్ల పనికిరాదని వందసార్లు చెప్పి ఉంటాను.

మొన్న ఏప్రిల్‌లో దాచేపల్లి నుంచి కోటేశ్వరరావు వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీకి సున్నపురాయి తోలే లారీ డ్రైవరు. ఏళ్ల నుంచి నా కొట్టుకే వస్తాడు. ఆయన తాగుడు పడలేక భార్య లక్ష్మి నాలుగేళ్ల కిందట కూతుర్ని తీసుకుని మాచర్లలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత తాగుడు మానేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతామన్నారు బావమరుదులు. ఒకసారి కూతురి కాలేజీ గేటు దాకా వెళ్లి, నలుగురిలో పిల్ల సిగ్గుపడుతుందేమోనని వెనక్కి వచ్చేశాడు. లక్ష్మిది తప్పని నేననను. కానీ ఆయన్ని చూస్తే జాలేసేది.

ఆ రోజు మాత్రం మెట్లు ఎక్కుతూనే అరిచాడు.

"బాజీ! మా ప్రసన్న ఫోన్ చేసిందయ్యా!"

"ఏమంది?"

"కాలేజీవోళ్లు హిమాలయాలకి తీసకపోతన్నారంట. వీపున బ్యాగులేసుకోని వారం రోజులు కొండలెక్కాలంట. నాన్నా, మంచి బూట్లు కొనిపెడతావా అనడిగింది. నాలుగేళ్లకి నోరు తెరిచి నన్ను అడిగిందయ్యా, వాళ్ల మామల్ని అడగలా!"

"పిల్లేది మరి?"

"హాస్టల్లో ఉంది." జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి చీపురు పుల్ల తీశాడు.

ఇంక నా నోరు ఆగలేదు. "ఏందయ్యా ఇది? కొండలెక్కే బూట్లకి చీపురు పుల్లా? పాదం ఎంత లావో ఈ పుల్ల చెప్పిద్దా? నడిచీ నడిచీ కాలు ఉబ్బినాక, సాయంత్రం పూట, మందం సాక్సులేసుకోని తొడిగి చూడాలి. దిగుడులో వేళ్లు ముందుకు పోయి గుద్దుకోకూడదు. నీ లారీ టైరు గూడా ఇట్నే పుల్లతో కొలిచి తెచ్చుకుంటావా? ఫోన్ చేసి నంబరు కనుక్కో."

ఆయన తల దించుకున్నాడు. "అడిగితే ఏమనుకునిద్ది బాజీ? కన్నతండ్రికి నా కాలి సైజు గూడా తెలవదా అనుకోదా?"

పుల్ల చేతిలోకి తీసుకున్నాను. కొత్త చీపురు పుల్ల వంచితే వంగుతుంది. ఇది నల్లబడి, ఎండి, అంచులు అరిగిపోయి ఉంది.

"ఎప్పటిదిది?"

"మొన్నటిదే" అన్నాడు నా వంక చూడకుండా.

అబద్ధమని నాకు తెలిసిపోయింది. నాలుగేళ్ల కిందట కోటప్పకొండ తిరునాళ్లకు ముందు ఇదే పుల్ల పట్టుకొచ్చి ఆ పిల్లకు పూసల చెప్పులు కొన్నాడు. మారు మాట్లాడకుండా పుల్ల ఆయన మొహాన కొట్టి పంపాల్సింది. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ క్షణాన లేవలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెందుకు ఏడిపించాలి అనుకున్నాను.

కొట్టులో ఉన్న బూట్లన్నీ దింపించాడు. చీలమండ కప్పేవే కావాలన్నాను. బూటు ముందు భాగంలో, వేళ్లు వంగే చోట మాత్రమే వంగాలి. మడమ దగ్గర గట్టిగా ఉండాలి. ఆయన ఒక్కో బూటు తిరగేసి, లారీ టైరును చూసినట్టే అడుగున గాడుల్లో గోరు పెట్టి లోతు చూశాడు. లోపలికి చెయ్యి పోనిచ్చి కుట్టు ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని వేలితో తడిమాడు. రెండు గంటలు పట్టింది. నా దగ్గర అంత ఓపిగ్గా బూట్లు కొన్నవాడు ఇంకొకడు లేడు. పుల్లకు మూడో నంబరు సరిపోతుంది. సాక్సుల కోసం ఒక నంబరు పెంచి నాలుగోది ఇచ్చాను. కొత్త బూట్లతో కొండెక్కకూడదు, పది రోజులు ముందే తొడుక్కుని తిరగమను అని కూడా చెప్పాను.

వారానికి ఫోన్ చేశాడు. "సరిగ్గా సరిపోయినయ్యంట బాజీ! చూశావా నా పుల్ల!"

పోనీలే, పిల్ల కాలు పెద్దగా పెరగలేదేమో అనుకున్నాను. ఆ పూట ప్రాణం తేలికపడింది.

జూన్‌లో ఒక అమ్మాయి కొట్టులోకి వచ్చింది. కాళ్లకు హవాయి చెప్పులు. రెండు బొటనవేళ్లకూ కట్లు.

"బాబాయ్, వేళ్లకి తగలకుండా మెత్తటి చెప్పులు కావాలి. నేను దాచేపల్లి కోటేశ్వరరావు గారి అమ్మాయిని. బూట్ల డబ్బా మీద మీ కొట్టు పేరుంటే వచ్చాను."

కూర్చోబెట్టి పాదం కొలిచాను. అయిదో నంబరు. బూటైతే ఆరోది పడాలి.

"మూడో రోజు దిగుడులో గోళ్లు నల్లబడినయ్" అంది ప్రసన్న. "నాలుగో రోజు పొద్దున బూటు ఎక్కలేదు. నన్ను కింద క్యాంపులో ఉంచి అందరూ పైకెళ్లారు. ఇంకొక్క రోజు నడిస్తే మంచు."

"ముందు తెలవలేదా అమ్మా ఇరుకని?"

"డబ్బా తీసినప్పుడే తెలిసింది."

"మరి తిప్పి పంపొద్దా? పిచ్చిపిల్లా, నేను మార్చివ్వనా?" నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

ఆ పిల్ల కట్ల వంక చూసుకుంది. "తోలు మెత్తబడాలని నాన్న కుట్టు కుట్టుకీ ఆముదం రాసి పంపాడు బాబాయ్. డబ్బా తీస్తే అదే వాసన. సరిపోలేదని చెబితే, నేను ఏడో తరగతిలో ఉన్నప్పటి కాలే తనకి గుర్తుందని ఆయనకి తెలిసిపోయిద్ది గదా. ఈ సంగతి ఆయనకి చెప్పమాకండి."

చెప్పనని మాటిచ్చాను. ఆమె కుంటుకుంటూ మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ముప్ఫయ్యేళ్లు ఊరందరికీ చెప్పిన మాట, చెప్పాల్సిన రోజు మింగేశాను. నేను గట్టిగా ఉండి ఉంటే ఆ పిల్ల మంచు చూసేది.

పది రోజులకు కోటేశ్వరరావు మళ్లీ వచ్చాడు. అదే కవరు, అదే పుల్ల.

"మా పిల్ల కొండలెక్కొచ్చిందయ్యా! కాలేజీకి ఏసుకోను మంచి చెప్పులియ్యి."

పుల్ల ముట్టుకోలేదు. అయిదో నంబరు జత తీసి ముందు పెట్టాను.

"కొలవ్వేందయ్యా?" అని ఆయనే పుల్ల తీసి చెప్పులో మడమ నుంచి పెట్టాడు. ముందు రెండు వేళ్ల ఖాళీ మిగిలింది. "ఇది పెద్దది బాజీ."

నేను కుక్కిన పేనులా ఉండిపోయాను. నేను అరవకుండా ఉండటం ఆయన ఎప్పుడూ చూడలేదు. నా మొహం వంక చూశాడు, చెప్పు వంక చూశాడు.

"ప్రసన్న వచ్చిందా ఇక్కడికి?"

"వచ్చింది."

"మరి ఆ బూట్లు..." అని ఆగిపోయాడు. నేను చెప్పలేదు. ఆయన అడగలేదు. ఆ ఖాళీలో తన రెండు వేళ్లు పెట్టి చూసుకున్నాడు. పెట్టిన వేళ్లు తియ్యలేదు. కళ్లలో నీళ్లు చెప్పు మీద పడుతున్నా తుడుచుకోలేదు.

తల ఎత్తి అడిగాడు. "ఫోన్లో మొహం వరకే కనపడిద్ది. ఎంతెత్తు అయ్యింది బాజీ?"

చెయ్యి ఎత్తి నా చెవి పక్కన పెట్టి చూపించాను. ఆయన దాని వంకే చూస్తున్నాడు. కాసేపటికి చెయ్యి దించబోయాను.

"ఉంచయ్యా" అన్నాడు.