అక్క ఫ్రీజర్‌లో నాలుక

తన నాలుక గురించి అతను ఏనాడూ గొప్పలు చెప్పుకోలేదు. తెలియక జనం నష్టపోకూడదని చెప్పేవాడు, అంతే. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకి కూడా చెప్పేవాడు. పరోపకారానికి పరిచయం దేనికి?

కాఫీ గింజల కంపెనీలో రుచి చూడటం అతని ఉద్యోగం. పొద్దున్నే కప్పులు వరసగా పెట్టుకుని, చెంచాతో జుర్రి, పుక్కిలించి, ఉమ్మేసి, ఏ సరుకు మంచిదో ఏది మాడిందో తేల్చేవాడు. కంపెనీలో అతన్ని "నాలుకగారూ" అని పిలిచేవాళ్లు. అది వెటకారమని భార్య అనేది. భార్యలకి మొగుడి గౌరవం ఒక పట్టాన అర్థం కాదని అతని అభిప్రాయం.

ఆ నాలుకకి అక్క దగ్గర ఒక కవల ఉండేది.

అతన్ని చంకనేసుకుని పెంచిన అక్క, పరిశోధనలకి కావలసిన ప్రోటీన్లు తయారుచేసే ల్యాబు నడుపుతుంది. చేదు తగలగానే పట్టుకుని లోపలికి కబురందించే ప్రోటీను ఒకటి మన నాలుక మీద ఉంటుంది. దాన్ని రిసెప్టర్ అంటారు. అక్క ఒకరోజు దూదిపుల్లతో తమ్ముడి బుగ్గ లోపల గీకి, ఆ ప్రోటీనుకి సంబంధించిన జన్యువును తీసి, పురుగు కణాల్లో పెట్టింది. అవి తలవంచుకుని అచ్చం అతని రిసెప్టర్‌నే తయారుచేయడం మొదలుపెట్టాయి. పిల్లల మందుల్లో చేదు తగ్గించే పరిశోధనకి పనికొస్తుందట.

"ఇది మన ఫ్రీజర్ దాటదురా. నీ మీద ఒట్టు," అంది.

అప్పట్నుంచీ అక్క ఆ కణాల మీద క్వినైన్ అనే చేదుమందు చుక్క వేస్తే, ఊరికి ఈ చివర అతని నోరు చేదెక్కేది. ఎవరూ వింతపడలేదు. వాన వచ్చే ముందు పక్కింటాయన మోకాలు సలపదూ, ఇదీ అంతే. పైగా సరుకు పనిచేస్తోందో లేదో అప్పటికప్పుడే తేలిపోయేది. అక్క కప్పుల వేళ కాకుండా చూసుకుని, ముందు ఫోన్ చేసి మరీ చుక్క వేసేది.

"ఏరా, చేదుందా?"

"మా మేనేజరు మొహంలా ఉంది."

"అయితే బతికే ఉంది. పెట్టేయ్."

ఒకనాడు కప్పుల మధ్యలో, ఫోనూ గీనూ లేకుండా, నోరు చేదెక్కింది. బంగారంలాంటి సరుకుని మాడిందన్నాడు. మర్నాడూ అంతే.

"నాలుకగారూ, ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే మిమ్మల్ని బస్తాలు కుట్టే చోటికి పంపాలి," అన్నాడు మేనేజరు. "అక్కడ నోటితో పనుండదు."

కంగారుగా అక్కకి ఫోన్ చేశాడు.

"పైత్యం అయ్యుంటుందిరా. డాక్టరుకి చూపించుకో," అంది.

అక్క మాట వేదం. వెళ్లి చూపించుకుని, మందు మింగాడు.

ఆదివారం అక్క భోజనానికి వచ్చింది. సగం భోజనంలో అతని నోరంతా చేదు కమ్ముకుంది. అక్క చేతులు రెండూ ఎదురుగానే ఉన్నాయి. ఒకటి కంచంలో, ఒకటి నీళ్లగ్లాసు మీద.

"ల్యాబులో ఎవరున్నారక్కా?"

"ఆదివారం ఎవరుంటారు? తాళంచెవి నా సంచిలోనే..." అక్క నమలడం ఆపింది.

"నా కణాలు ఎవరికిచ్చావు?"

భార్య చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"నాలుగైదు ల్యాబులకి," అంది అక్క కంచంలోకి చూస్తూ. "కాసిని కణాలేగా. నీ కిడ్నీ ఏం ఇచ్చేయలేదు."

"ఒట్టేశావు."

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"సరే, ఇచ్చావు. మరి పైత్యమని ఎందుకన్నావు? మందు కూడా మింగానక్కా."

అక్క నీళ్లు తాగింది. తాగాల్సినదానికంటే ఎక్కువసేపే తాగింది. వాళ్లని ఆపిస్తానని మాత్రం అనలేదు.

తర్వాత కొన్నాళ్లకి, ఏమీ జరగనట్టే, ఫోన్ చేసింది. "కొత్త సరుకురా. చుక్క వేశాను. చేదుందా?"

దవడలు లాగేసేంత చేదు.

"లేదు," అన్నాడు.

"సరిగ్గా చూడు. ఇంకో చుక్క వేస్తున్నా."

కళ్లలో నీళ్లు తిరిగాయి. "మంచినీళ్లలా ఉందక్కా."

అవతల చాలాసేపు మాట లేదు. "అయితే చచ్చిపోయినట్టే. పాత సరుకు కూడా చెడే ఉంటుంది," అంది చివరికి. "అందర్నీ పారేయమంటాను."

మాట నిలబెట్టుకుంది. ఫ్రీజర్ ఖాళీ చేసింది, మిగతా ల్యాబుల చేతా పారేయించింది. ఇప్పుడు అతని కప్పులో చేదుంటే అది కాఫీదే. ఉద్యోగం నిలిచింది. అక్క వేరెవరి ప్రోటీనో తయారుచేసుకుంటోంది. ఫోన్లు మాత్రం లేవు.

చిన్నప్పట్నుంచీ అక్క ముందు అతని అబద్ధం ఒక్కటీ నిలబడలేదు. ఇదొక్కటీ ఎలా నిలబడిందో? ఆమె నమ్మే పారేసిందో, నమ్మకుండానే పారేసిందో అతనికి తెలియదు. కాఫీలో మాడు ఎంతో ఉమ్మేలోపు చెప్పగలడు. అక్క మౌనంలో ఏముందో పట్టుకోవడం మాత్రం అతనికి ఇంకా రాలేదు.