ఛోటూకు కుట్టిన డ్రాయరు

ఆడపిల్లకు సక్కుబాయి అని నాయనమ్మ పేరు పెడితే, ఆ పిల్ల సగం ముసలిదై పుట్టినట్టే. ఊళ్లో బడికి పోయినన్నాళ్లూ హాజరు పిలిచినప్పుడు ఆమె తరఫున పక్కపిల్లే పలికేది. పదో తరగతి అయ్యాక, తండ్రి వీరేశం వాచ్‌మన్‌గా ఉన్న మణికొండ అపార్టుమెంటుకు వచ్చింది గానీ, నోరు మాత్రం ఊళ్లోనే మరిచిపోయి వచ్చింది. ఇక్కడ ఆమె మాట్లాడేది ఇంట్లో తండ్రితో, నాలుగో అంతస్తులో ఛోటూతో, దాని యజమాని యశస్వినితో. అందులో ఎక్కువ మాటలు ఛోటూతోనే.

ఛోటూ కుక్క. పేరుకే ఛోటూ, ఒళ్లు దూడంత. ముసలితనం వచ్చి వెనక కాళ్లు వణుకుతున్నాయి. దొడ్డికి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. నడుస్తుంటే వెనక ఒకటి రాలి పడుతుంది, అది తిరిగి చూసి, ఎవరిదో ఇది అన్నట్టు మొహం పెడుతుంది. నరాలు పట్టు తప్పాయి, మందులతో పోయేది కాదన్నాడు డాక్టరు. యశస్విని గచ్చిబౌలిలో ఆఫీసుకు పోతే పగలంతా దాన్ని చూసుకునేది సక్కుబాయే.

లిఫ్టులో రెండుసార్లు అయ్యింది. అసోసియేషన్ ప్రెసిడెంటు పట్టాభిరామయ్య వచ్చి యశస్వినికి మర్యాదగానే చెప్పాడు. "ఇంకొక్కసారి అయితే కుక్కకి లిఫ్టు కుదరదండి. మెట్ల మీద తీసుకెళ్లండి."

మెట్లెక్కలేని కుక్కకు మెట్లు చూపించడమంటే ఇల్లు ఖాళీ చేయమనడమే. "వేరే ఇల్లు చూసుకోవాలేమో సక్కూ," అంది యశస్విని. ఛోటూ పోతే ఇక సక్కుబాయి గోడలతో మాట్లాడుకోవాలి.

దుకాణంలో కొన్న డైపర్లను ఛోటూ పళ్లతో పీకేసింది. అప్పుడు సక్కుబాయికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. ఆమెకు గొప్ప ఆలోచనలు అరుదు, వస్తే మాత్రం ఎవరినీ అడగదు. బడికి వేసుకుపోయిన మెరూన్ రంగు ప్యాంటు కత్తిరించి, నాడాతో సహా ఛోటూకొక డ్రాయరు కుట్టింది. తొడుగుతుంటే గుర్తొచ్చింది, కుక్కకు తోక ఉంటుందని. విప్పి కన్నం పెట్టింది. పాపం ఇరుకవుతుందేమోనని గుప్పెడంత పెట్టింది.

మరునాడు ఛోటూతో లిఫ్టులో దిగుతుంటే మూడో అంతస్తులో పట్టాభిరామయ్య ఎక్కాడు. "భలే కుట్టావమ్మా. ఈ పని ముందే చేసుంటే గొడవే ఉండేది కాదు," అంటూ బటన్ వైపు తిరిగాడు. అంతలో తోక కోసం పెట్టిన దారిలోంచి ఒక ముద్ద జారి కింద పడింది.

సక్కుబాయి చెప్పుకాలు వేసి దాని మీద నిలబడింది.

వాసనకు చెప్పు అడ్డం కాదు. కింద తలుపు తెరుచుకుంది.

"దిగమ్మా."

దిగాలంటే కాలు లేపాలి. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన ముక్కు ఎగబీల్చి ఛోటూను చూశాడు. డ్రాయరు బిగుతుగా, బుద్ధిగా ఉంది. ఆయన చూపు మెల్లగా ఆమె చెప్పు మీదికి వచ్చింది. అంచున కొంచెం కనబడుతూనే ఉంది.

"కుక్కకేమో డ్రాయరుంది. మరి ఇది..."

ఛోటూది అంటే యశస్విని ఇల్లు పోతుంది.

"నాదే అంకుల్," అంది సక్కుబాయి. "కడుపు మంచిగ లేదు."

ఆ అపార్టుమెంటులో బయటివాళ్లతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. ఇంతకన్నా మంచి మాట దొరకలేదా అని తర్వాత తనను తానే తిట్టుకుంది.

పట్టాభిరామయ్య మొహం తిప్పుకుని, "ఎవరికీ చెప్పనులే తల్లీ," అన్నాడు. ఒక్క భార్యకే చెప్పాడు. సాయంత్రానికి అన్ని అంతస్తులూ సక్కుబాయిని పలకరించాయి. ఒకావిడ మజ్జిగ పంపింది. ఇంకొకావిడ దానిమ్మ తొక్కల కషాయం తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. వీరేశం తల పట్టుకున్నాడు. "గంత అర్జెంటైతే నాకు చెప్పొద్దా బిడ్డా? దవాఖానకు పోదమా?"

"వద్దు నాయినా, తగ్గింది."

యశస్విని సంగతి విని, డ్రాయరు తిప్పి చూసి, కన్నంలో చెయ్యి దూర్చింది. "నేను పోయి నిజం చెప్తా సక్కూ."

"చెప్పకు అక్కా. ఇప్పుడు చెప్తే ఛోటూ పోతది, పోయిన నా ఇజ్జత్ వాపస్ రాదు."

ఆదివారం మీటింగులో కుక్క మాట ఎత్తినవాళ్లే లేరు. డ్రాయరును మెచ్చుకున్నారు కూడా. కాకపోతే, వాచ్‌మన్ కూతురు కడుపు బాగయ్యేదాకా మెట్ల మీద వస్తే మంచిదని ఎవరో అన్నారు, అందరూ సరేనన్నారు. యశస్విని లేవబోతే, టీ కప్పులు పంచుతున్న సక్కుబాయి ఆమె చున్నీ పట్టి కూర్చోబెట్టింది.

కడుపు బాగయిందని చెప్పాలంటే మళ్లీ అంతమంది ముందు నోరు తెరవాలి. దానికంటే మెట్లే నయం. అందుకని ఇప్పుడు ఛోటూ ఒక్కటే లిఫ్టులో పోతుంది. సక్కుబాయి బటన్ నొక్కి, తలుపు మూసుకోగానే మెట్ల మీద పరుగందుకుంటుంది. పైన పాత పేపరు పట్టుకుని రొప్పుతూ నిలబడుతుంది. కన్నం చిన్నది చేసింది గానీ తన కుట్టు మీద తనకే నమ్మకం లేదు. తలుపు తెరుచుకోగానే ముందు నేలను చూస్తుంది, తర్వాత ఛోటూను. ఇంత ఆలస్యమేందన్నట్టు అది నిలబడి ఉంటుంది.

"దొరవే నువ్వు. దిగు ఇగ," అంటుంది సక్కుబాయి.