నా చేతిలో ఉంది

అతని పేరు అనరు. మావోరీ వాళ్ళు ఆండ్రూని అలా పిలుచుకుంటారు. ఆ పేరుకు తెలుగులో ఏం అర్థం వస్తుందో పాపం అతనికి తెలియదు, తెలిస్తే సిగ్గుపడేవాడు, ఎందుకంటే మనిషి అచ్చం అంతే. విమానంలో కూర్చున్నంతసేపూ చెప్పాల్సిన ప్రతి మాటా చెప్పాల్సిన క్షణంలో చెబుతాడు. నేలమీద కాలు పెట్టాడా, నోరు పెగలదు.

న్యూజిలాండ్ వైమానిక దళంలో సామాన్ల విమానాలు నడిపే అతన్ని ఆస్ట్రేలియా వాళ్ళకు మూడేళ్ళపాటు అరువిచ్చారు. ఆ గడువు తీరిపోయింది. గురువారం స్వదేశానికి వెళ్ళిపోవాలి. మిగిలింది ఈ శని ఆదివారాలు. అందుకని శనివారం తెల్లవారగానే సిడ్నీ అవతలి స్థావరం నుంచి నీలం కారులో దక్షిణ కోస్తాకి, మెరిన్ ఇంటికి బయల్దేరాడు. పక్క సీట్లో ఒక గాజు సీసా బెల్టు కట్టుకుని కూర్చుంది.

పైకి చెప్పుకోవడానికి రెండు పనులున్నాయి. కారు మెరిన్‌ది, దాన్ని ఆమెకు అప్పజెప్పాలి. సీసాలో ఉన్నది రొట్టెల్లో కలిపే పులుపు. బంగాళాదుంప ఉడికించి, మెదిపి, పిండీ పంచదారా కలిపి పులియబెడతారు. అతనింట్లో దాన్ని పురుగు అంటారు. బతికున్నది కనక తిండి పెట్టాలి, ఒకరోజు దుంపలు ఉడికిన నీళ్ళు, ఒకరోజు చెంచాడు పంచదార. ఆంటీ హూయియా అతనికి ఫోన్లోనే నేర్పి, ఫోన్లోనే తిట్టి, మూడేళ్ళూ దాన్ని బతికించింది. సరిహద్దు దాటించడానికి విమానాశ్రయంలో ఒప్పుకోరు. పారబోస్తే ఆంటీ ఒప్పుకోదు. ఎవరికో ఒకరికి ఇచ్చి వెళ్ళాలి.

మూడో పని ఒక వాక్యం. "మెరిన్, నువ్వు కావాలి నాకు." ఊరు దాటినప్పటి నుంచి వల్లిస్తూనే ఉన్నాడు. స్టీరింగుకి చెప్పాడు, సీసాకి చెప్పాడు, ముందు వెళ్తున్న పాల లారీకి చెప్పాడు. వాటికి చెప్పడానికి ఏం భాగ్యం. ఈసారి ఆమెకు చెప్పకపోతే ఇద్దరి మధ్యా సముద్రం వచ్చి పడుతుంది, అంతే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

మెరిన్ ఒకప్పుడు అతని కెప్టెన్. అతను ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది ఎడమ సీట్లో ఆమె, కుడి సీట్లో అతను. తుపాను కొట్టిన దీవులకు బియ్యం, గుడారాలు, మందులు మోశారు. ఆ ఏడాది చివర ఆమె తండ్రి హఠాత్తుగా పోయాడు. నదిలో ఆయన ఆల్చిప్పల సాగు చూసేవాళ్ళు లేక ఆమె ఉద్యోగం వదిలి ఇంటికి వచ్చేసింది. నీలం కారులో ఆమెనూ ఆమె సామాన్లనూ దింపింది అనరే. తండ్రి ట్రక్కు ఇంటి దగ్గర ఉంది కనక కారు అతని దగ్గరే ఉండిపోయింది.

అతను వెళ్ళేసరికి ఆమె ఒడ్డున షెడ్డులో, మోకాళ్ళ పైదాకా వచ్చే రబ్బరు బూట్లతో, బల్లమీద ఆల్చిప్పలు ఏరుతోంది. ఎదురుగా క్లెమ్ ఉన్నాడు. ఆమె తండ్రితో నలభై ఏళ్ళు పడవలో తిరిగిన ముసలాయన. ముందు కారుని చూశాడు, తర్వాత అనరుని చూశాడు.

"కారు పట్టుకుపోయినవాడివి నువ్వేనా అబ్బాయ్?"

"తిరిగి ఇద్దామనే తెచ్చానండీ."

"ఇన్నాళ్ళకా! నిదానస్తుడివే."

"క్లెమ్, నీ పని నువ్వు చూసుకో," అంది మెరిన్. తర్వాత అనరు వైపు తిరిగి, "ఏం కివీ, మీ న్యూజిలాండ్ గొర్రెల మీద బెంగ పుట్టిందా? పరిగెత్తుతున్నావట?" అంది.

గొర్రెలు కనీసం వేళాకోళం చెయ్యవన్నాడు అనరు. ఆమె నవ్వి, తడి గ్లవ్సుతోనే అతని భుజం మీద ఒకటి వేసింది. చొక్కామీద బురద చెయ్యి అచ్చు పడింది. అతను దాన్ని దులపలేదు.

మధ్యాహ్నమంతా అతను కూడా బల్ల దగ్గర నిలబడి ఆల్చిప్పలు ఏరాడు. పెద్దవి ఇటు, చిన్నవి అటు, నోరు తెరిచినవి కింద తొట్టిలోకి. క్లెమ్ రెండుసార్లు అతని తొట్టిలోంచి మంచివి తీసి మళ్ళీ బల్లమీద పెట్టాడు. నోరు తెరిచినవన్నీ చచ్చినవి కావు అబ్బాయ్, ఒకసారి తట్టి చూడాలి, మూసుకుంటే బతికున్నట్టు, అన్నాడు.

చీకటి పడకముందే భోజనానికి కూర్చున్నారు. క్లెమ్ బీరు తాగుతూ మీ ఇద్దరి విమానం కథ మళ్ళీ చెప్పమన్నాడు. మెరిన్ చెప్పింది. రెండు చోట్లా స్టీరింగు ఉండే విమానంలో అది ఎవరి చేతిలో ఉందో ఎప్పుడూ తేలిపోయి ఉండాలి. అందుకని ఒకరు "నీ చేతిలో ఉంది" అంటారు. రెండోవాళ్ళు పట్టుకుని "నా చేతిలో ఉంది" అంటారు. ఆ రెండో మాట చెవిన పడేదాకా మొదటివాళ్ళు వదలకూడదు. ఒకసారి వనువాటు దీవుల నుంచి తిరిగొస్తుంటే, అలసిపోయి, ఆమె ఏదో గొణిగింది, అతను ఏదో ఊకొట్టాడు. ఆమె మ్యాపు చూస్తోంది, అతను కిటికీలోంచి మబ్బులు చూస్తున్నాడు. విమానం దానంతటది నెమ్మదిగా కిందికి జారుతోంది. వెనక సామాను చూసుకునే మనిషి కాఫీ తెచ్చి, ఇంతకీ ఎవరు నడుపుతున్నారని అడిగితే, ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు చూపించుకున్నారు.

"మరి ఎవరి చేతిలో ఉన్నట్టు?" అన్నాడు క్లెమ్, తెలిసిందే అయినా.

"ఎవరి చేతిలోనూ లేదు. ఎత్తు మిగిలుంది కాబట్టి బతికాం," అంది మెరిన్.

క్లెమ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. మెరిన్ కూడా నవ్వి, ఉన్నట్టుండి లేచి గిన్నెల దగ్గరికి వెళ్ళింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది.

క్లెమ్ వెళ్ళాక అనరు సీసాలోది సగం తీసి పిండిలో కలిపి పిసికాడు. ఆ పుల్లని వాసన వంటింట్లోకి రాగానే అతని ప్రాణం ఆంటీ ఇంటికి పోయింది. వెనక పెరట్లో వేడినీటి ఊట ఆవిరి, ఒకే బల్ల చుట్టూ కీచులాడుకునే అక్కచెల్లెళ్ళ పిల్లలు పదిమంది, రొట్టె కోయకముందే వెన్న కోసం కొట్లాట. మూడేళ్ళుగా ఎంత బెంగపెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. అదే సమయానికి పక్కన నిలబడి పళ్ళాలు తుడుస్తున్న మనిషి మీద కూడా అంతే బెంగ. ఊరి మీది బెంగ ఒకవైపు లాగుతుంటే మనిషి మీది బెంగ ఇంకోవైపు లాగింది. పిండి మాత్రం బాగా కుదిరింది. మాట కుదరలేదు. పడుకుంటానని చెప్పి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున రొట్టె కాల్చారు. వేడివేడిగా తిని, పోటు తగ్గిన సమయం చూసి పడవలో సాగు దగ్గరికి వెళ్ళారు. నీళ్ళు లోతు లేకుండా, బూడిద రంగులో ఉన్నాయి. ఆల్చిప్పలు పెరిగే బుట్టలు తిరగేయడానికి మెరిన్ పడవ ముందుకు వెళ్ళాలి. మోటారు పిడి వదులుతూ, అలవాటు చొప్పున, "నీ చేతిలో ఉంది," అంది.

"నా చేతిలో ఉంది," అన్నాడు అనరు, పిడి పట్టుకుని.

ఆమె ముందుకు వెళ్ళలేదు. అక్కడే నిలబడి అతన్ని చూసింది.

"ఆ మాట నీకింత సులువుగా ఎలా వస్తుంది?"

అతనికి అర్థం కాలేదు.

"నాన్నని సాగనంపిన మర్నాడు, మా గేటు దగ్గర. తాళాలు అందిస్తూ నీ చేతిలో ఉంది అన్నాను. నా చేతిలో ఉంది అన్నావు. గుర్తుందా?"

"ఉంది. కారు..."

"కారు తాళాలిచ్చేటప్పుడు ఎవరైనా అలా అంటారా అనరూ? ఇదిగో తీసుకో అంటారు." ఆమె గొంతు పెరగలేదు. "మన సంగతి నీకు అప్పజెప్పాను. ఆ రోజు నాకు దేన్నీ పట్టుకునే ఓపిక లేదు. నువ్వు పట్టుకున్నానన్నావు. వదిలేశాను. నియమం అదే కదా."

అనరుకి చెవుల్లో మోటారు చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. ఆ రోజు తాళాలు అందుకున్న చెయ్యి కళ్ళముందుకు వచ్చింది. తన చెయ్యే. ఎంత జాగ్రత్తగా అందుకున్నాడు! ఎంత స్పష్టంగా జవాబిచ్చాడు!

"నువ్వే చెబుతావని చూస్తున్నాను. తండ్రి పోయిన మనిషిని తొందరపెట్టకూడదని..." అన్నాడు చివరికి.

"రెండేళ్ళు."

"రెండేళ్ళు."

"క్రిస్మస్‌కి వచ్చావు. తలుపు తీసేటప్పుడు, ఇవాళ చెబుతావనుకున్నాను తెలుసా? కారుకి కొత్త టైర్లు వేయించానని చెప్పి, భోంచేసి వెళ్ళావు."

చెబుతూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎటో పోయింది. ముఖం తిప్పుకుని బుట్ట తాడు అందుకుంది.

"ఎత్తు ఇంకా మిగిలుందా?" అని అడిగాడు అనరు.

"తెలీదు. పోయిన చలికాలం నుంచి చూడటం మానేశాను."

ఇప్పుడైనా ఆ వాక్యం అనొచ్చు. నది నిండా వాళ్ళిద్దరూ, ఒక కొంగా తప్ప ఎవరూ లేరు. అనలేదు. ఇంత పొరపాటు చేసిన నాకు ఇక అడిగే మొహం ఎక్కడిది అనుకున్నాడు. ఇలాంటి మర్యాదలే కొంపలు ముంచుతాయి, అయినా మర్యాదస్తులకు చెప్పినా ఎక్కదు. ఇద్దరూ బుట్టలన్నీ తిరగేసి, అలసి ఒడ్డుకు వచ్చారు.

సాయంత్రం సిడ్నీ బస్సు పెద్దరోడ్డు మీద పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. నీలం కారు షెడ్డు పక్కన పెట్టేసి, మెరిన్ తండ్రి ట్రక్కులో అతన్ని అక్కడికి తీసుకొచ్చింది. దారిలో ఆల్చిప్పల ధర గురించి, వాన గురించి మాట్లాడింది. అతను అన్నిటికీ అవునన్నాడు.

బస్సు కోసం నిలబడ్డాక సీసా అందించాడు. ఒకరోజు దుంపల నీళ్ళు, ఒకరోజు పంచదార అని మళ్ళీ చెప్పాడు. మర్చిపోతే చచ్చిపోతుందన్నాడు.

"నీ చేతిలో ఉంది."

ఆమె రెండు చేతులతో పట్టుకుంది. "పురుగు నా చేతిలో ఉంది," అంది, పురుగు అన్న మాటని ఒత్తి.

తర్వాత అతను జేబులోంచి కారు తాళాలు తీసి అందించబోయాడు. "నీ చేతిలో ఉంది."

ఈసారి ఆమె కదల్లేదు.

"ఏది?" అంది.

మలుపులో బస్సు కనిపించింది. అనరు తాళాలను చూశాడు, బస్సును చూశాడు. ఇక చూడ్డానికేమీ లేక ఆమెను చూశాడు.

అప్పుడు అనరు అన్నాడు. దారి పొడుగునా వల్లించిన వాక్యమే, కాకపోతే పాల లారీకి చెప్పినంత నున్నగా రాలేదు.

"నువ్వు కావాలి నాకు, మెరిన్. మొదటి నుంచీ. ఎక్కడ బతుకుతామో నాకు తెలీదు. ఇక్కడుంటే ఇంటి మీద బెంగ, అక్కడికెళ్తే నీ మీద బెంగ. అయినా నువ్వే కావాలి. నేను చెప్పేది కారు సంగతి కాదు."

మెరిన్ కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది, డ్రైవరు వీళ్ళవైపు చూసి అద్దం సర్దుకున్నాడు.

సీసాను ఒక చేతి ఒంపులోకి మార్చుకుని, రెండో చేత్తో ఆమె అతని వేళ్ళను తాళాల మీద మూసింది.

"ఇప్పుడు నేను ఆ రెండో మాట అనను. కోపంతో కాదు. ఒకసారి దభీమని వదిలేశాను కదా, మళ్ళీ పట్టుకోవడానికి కాస్త వ్యవధి కావాలి. నువ్వొచ్చి మళ్ళీ ఇవ్వు, అప్పుడు చూద్దాం."

"ఈ కారుకి ఇంకో తాళం ఉందా?"

"లేదు."

"మరి కారు?"

"షెడ్డు పక్కనే ఉంటుంది. టైర్లు కొత్తవేగా."

అతను ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని చూస్తే ఆమె బంకు లైటు కింద సీసాను గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు. బస్సు మలుపు తిరిగింది, నది కనుమరుగైంది, చొక్కామీది నిన్నటి బురద అచ్చు ఎండి రాలుతోంది. పక్క సీటాయన టికెట్టు కింద పడిందని చూపించాడు. వంగి తీసుకోవడానికి అనరుకి ఒక చెయ్యే దొరికింది. రెండో మాట చెవిన పడేదాకా మొదటివాళ్ళు వదలకూడదు. గురువారం సముద్రం మీదుగా వెళ్తున్నప్పుడు కూడా అతను ఆ పిడికిలి విప్పలేదు.