పాత టైము

దేశమంతటికీ ఒకే టైము ఉండాలని సర్కారు సెమేయ్ ఊరి గడియారాలను గంట వెనక్కి తిప్పించి రెండు నెలలు కావస్తోంది. తిప్పినవాళ్ళు తిప్పారు, మొండివాళ్ళు తిప్పలేదు. అందుకే ఇప్పుడు ఎవరైనా పెళ్ళికి పిలిస్తే, "పాత టైమా, కొత్త టైమా?" అని అడక్కుండా ఎవరూ ఇల్లు కదలరు.

బోతాగోజ్ అలాంటి మొండిది కాదు. పరీక్షల కేంద్రంలో సర్వర్ల బాధ్యత ఆమెది. గదిలో ఉన్నది ఒకటే పెద్ద మెషిన్. దాని కడుపులో ముప్పై ఎనిమిది వర్చువల్ సర్వర్లు, పల్లెబడికి ఒకటి చొప్పున. టైము మారిన రోజున ఆమె మెషిన్ తనంతట తానే చేసుకుపోయే ఆజ్ఞల స్క్రిప్టు ఒకటి రాసి, వాటన్నిటి గడియారాలనూ ఒక్క నిమిషంలో సరిచేసి శభాష్ అనిపించుకుంది. రోజూ సాయంత్రం ఆరింటికి సర్వర్లను వరసగా ఆపి, లోపలున్నదంతా తుడిచి, మర్నాటికి శుభ్రమైన నకలు పెట్టే స్క్రిప్టు కూడా ఆమెదే. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు.

ఆ రోజు మూడువందల పన్నెండు మంది పల్లెపిల్లలు పట్నం హాస్టలు బడిలో ఇరవై సీట్ల కోసం పరీక్ష రాస్తున్నారు. అక్‌బులాక్ నుంచి ఆమె ఆడపడుచు కూతురు రౌషాన్ కూడా రాస్తోంది. మామూలుగా మూడింటికల్లా అయిపోవాలి. మంచుతుపానుకు పల్లెల్లో కరెంటు పోయి మూడున్నరకు మొదలైంది, అయిదున్నరకు గాని అవదు. అప్పటిదాకా జవాబులన్నీ ఆ సర్వర్లలోనే ఉంటాయి.

గదిలో ఇంకో మనిషి కుల్‌పాష్, పరీక్షల కమిషన్ పంపిన పరిశీలకురాలు. పెద్దావిడ గనక అందరూ అపాయ్ అంటారు. పరీక్ష అయ్యేదాకా ఆవిడ అనుమతి లేకుండా కీబోర్డు మీద ఎవరి చెయ్యీ పడకూడదు, పడితే పరీక్ష రద్దు. సెల్‌ఫోన్లన్నీ ఆవిడ పెట్టెలో ఉన్నాయి. ఆవిడ చూపుకు పాలు విరుగుతాయి.

బల్ల మీది ఫోను మోగింది. అత్తగారు.

"ఏమే అమ్మాయ్, ఆరవుతోంది. పిల్ల పరీక్ష అయిందా? బౌర్సాకులు వేయించుకుని కూర్చున్నా, చల్లారిపోతున్నాయి."

"ఇంకా అయిదు కూడా కాలేదు అపా."

"నీ అయిదు నీ దగ్గరే పెట్టుకో. సూర్యుడికి ఎవరూ నోటీసు ఇవ్వలేదు. నా గోడ గడియారంలో ఆరుకు పది నిమిషాలే తక్కువ."

నవ్వుకుంటూ ఫోను పెట్టేసిన బోతాగోజ్ చూపు పెద్ద మెషిన్ తెర మూల మీద పడింది. 5:51. గోడ మీది గడియారంలో 4:51.

ముప్పై ఎనిమిదింటినీ సరిచేసింది గాని, వాటిని మోస్తున్న మెషిన్‌ను జాబితాలో రాయలేదు. ఎక్కిన గాడిదను వదిలేసి మిగతావాటిని లెక్కపెట్టినవాడి కథ చెప్పుకుని నవ్వే ఊళ్ళోనే తనూ పెరిగింది. ఆరింటి స్క్రిప్టు నడిచేది ఆ మెషిన్ టైము మీదే. ఇన్నాళ్ళూ గంట ముందే తుడిచేస్తున్నా, పరీక్షలు మూడింటికే ముగియడంతో ఎవరూ కనిపెట్టలేదు. ఇంకా తొమ్మిది నిమిషాలుంది.

"అపాయ్, నేను కీబోర్డు ముట్టుకోవాలి."

"కూర్చో."

"అయిదింటికి అంతా చెరిగిపోతుంది అపాయ్! పిల్లల జవాబులన్నీ!"

"ఆరింటికి అని సంతకం పెట్టిచ్చింది నువ్వే కదా?"

"దాని లెక్కలో అప్పటికి ఆరే. పాత టైములో ఉండిపోయింది. తప్పు నాదే."

కుల్‌పాష్ కళ్ళద్దాలు సవరించుకుంది. "మీ చుట్టాలమ్మాయి రాస్తోందటగా? ఇంటి నుంచి ఫోనొచ్చింది, వెంటనే నీకు కీబోర్డు కావాల్సొచ్చింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా ఈ నాటకాలు. మీ అధికారినే అడుగుతా."

అధికారి ఫోను ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బలవంతంగా చెయ్యి వేస్తే పరీక్ష రద్దు, వెయ్యకపోతే జవాబులు మాయం. ఎలా చూసినా మూడువందల పన్నెండు మంది పిల్లలూ మునుగుతారు. బోతాగోజ్‌కు ఆవిడ మీద ఒళ్ళు మండిపోయింది, తన మీద ఇంకా ఎక్కువ.

"అయినా సర్కారు మెషిన్ పాత టైములో ఎలా ఉంటుంది? ఎవరికి చెబుతున్నావ్?" అంది కుల్‌పాష్.

అప్పుడు కనిపించింది ఆవిడ మణికట్టు. దాని మీద మగవాళ్ళు పెట్టుకునే గడియారం. వదులవకుండా తోలు పట్టీకి ఇంకో చిల్లు పొడిచారు.

"మీ చేతి గడియారంలో ఎంతయింది అపాయ్?"

కుల్‌పాష్ చప్పున చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. దాంట్లో 5:57.

"మా ఆయనది," అంది. "టైము పెట్టింది ఆయనే. పోయాక మార్చబుద్ధి కాలేదు. గంట నేనే మనసులో తీసేసుకుంటా."

"మీకు తీసేసుకోవడం తెలుసు అపాయ్. దానికి తెలీదు."

ఆవిడ లేచి వచ్చి వెనక నిలబడింది. "కానియ్. ఏం కొడుతున్నావో పైకి చదువుతూ కొట్టు."

తొందరలో మొదటిసారి పాస్‌వర్డు తప్పింది. రెండోసారి మెషిన్ తెరుచుకుంది. ఆపమన్న ఆజ్ఞను పైకి చదువుతూ కొట్టేసరికి మూల అంకె 6:00 అయింది. తెర మీద ఒక్క వరస పడింది: అక్‌బులాక్, తుడవడం పూర్తి. రెండో వరస పడలేదు.

అక్షరక్రమంలో ఆ జాబితా రాసింది తనే. అత్తింటి ఊరే మొదట వచ్చిందని ఆ రోజు మురిసిపోయింది కూడా.

ముప్పై ఏడు బళ్ళు మిగిలాయి. అక్‌బులాక్‌లో తొమ్మిది మంది పిల్లల ముందు తెరలు నల్లబడ్డాయి.

"ఆ తొమ్మిది మందికీ శనివారం మళ్ళీ పెట్టించొచ్చు," అంది కుల్‌పాష్. "తప్పెవరిదో కాగితం మీద ఉండాలి."

బోతాగోజ్ రాసింది. ఆ కాగితం చేతికందాక అధికారి తనను ఉద్యోగంలో ఉంచడని తెలిసే రాసింది. కింద కుల్‌పాష్ "అనుమతి ఇచ్చింది నేను" అని సంతకం చేసి, టైము వెయ్యడానికి మణికట్టు చూసుకుంది. తర్వాత గడియారం మర బయటికి లాగి, ముల్లును నెమ్మదిగా ఒక చుట్టు వెనక్కి తిప్పింది. అది చూడలేక బోతాగోజ్ తల తిప్పుకుంది.

అయిదున్నరకు మిగతా బళ్ళన్నీ ముగించాయి. ఫోను మళ్ళీ మోగింది.

"పిల్ల ఎలా రాసిందే?"

"మధ్యలోనే ఆగిపోయింది అపా. నా తప్పు వల్ల అంతా పోయింది. శనివారం మళ్ళీ రాయాలి."

తిట్లు తినడానికి బోతాగోజ్ సిద్ధపడింది.

"ఎన్నింటికి?"

"రెండింటికి అపా."

"కొత్త టైమేనా? చెప్పు, ఈ గోడ గడియారం కూడా తిప్పేస్తాను. ఆ రోజు పిల్లను వేళకు నేనే పంపాలి."

బోతాగోజ్‌కు అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది.